చిమ్మటలకు పేరు వెతికిన జార్జి హాంప్సన్

తొలకరి వానలు పడ్డాక ఒక రాత్రి మీ వాకిట్లో వెలిగే దీపాన్ని కాసేపు గమనించండి. దాని చుట్టూ రకరకాల పురుగులు చేరతాయి. వాటిలో రెక్కల మీద సన్నని పొడి ఉండి, గోడకు అంటుకుని రెక్కలు పరుచుకుని కూర్చునేవి చాలా ఉంటాయి. వీటిని మన ప్రాంతాల్లో దీపపు పురుగులనీ, రెక్కల పురుగులనీ అంటారు. నిఘంటువుల్లో చిమ్మట, శలభం అనే మాటలు కనిపిస్తాయి. ఈ పాఠంలో మనం చిమ్మట అనే మాటనే వాడుకుందాం. పగలు పూల మీద వాలే సీతాకోకచిలుకలకు ఇవి దగ్గరి చుట్టాలు.

చిమ్మట పేరు తెలుసుకుంటే మనకు ఒరిగేదేమిటని మీరు అడగవచ్చు. మీకు వ్యవసాయంతో పరిచయం ఉంటే ఆ ప్రశ్నకు జవాబు ముందే తెలిసి ఉంటుంది. వరిలో కాండం తొలిచే పురుగు, కందిలోనూ శనగలోనూ కనిపించే శనగపచ్చ పురుగు, ఆముదంలో దాసరి పురుగు, వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగు, వంకాయను తొలిచే పురుగు, ఇవన్నీ చిమ్మటల పిల్లలే. చిమ్మట గుడ్లు పెడుతుంది, ఆ గుడ్లలోంచి వచ్చే పురుగులు పంటను తింటాయి. 1997-98లో వరంగల్లు ప్రాంతంలో పత్తి చేలను పొగాకు లద్దె పురుగు ముంచెత్తింది. మందులకు తెచ్చిన అప్పులు తీర్చలేక ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగు ఏదో తెలియకుండా మందు కొడితే డబ్బు పోతుంది, పురుగు మిగులుతుంది. అలాగని చిమ్మటలన్నీ శత్రువులే అనుకోకండి. పట్టు ఇచ్చేవీ చిమ్మటలే. మహాదేవపూర్, చెన్నూరు అడవుల్లో మద్ది చెట్ల మీద పెంచే దసలి పట్టు పురుగు కూడా ఒక చిమ్మట పిల్లే.

మరి ఒక చిమ్మటను పట్టుకుని దాని పేరేమిటో చెప్పడం ఎలా? భారతదేశంలో చిమ్మటలు పది వేలకు పైగా రకాలున్నాయి. ఇన్నిటిలో మన చేతిలోనిది ఏదో తేల్చుకోవాలంటే ఒక పుస్తకం కావాలి. అలాంటి పుస్తకాన్ని మన దేశానికి తయారుచేసిన మనిషి జీవితాన్ని ఈ పాఠంలో చదువుతారు. ఆయన పేరు జార్జి ఫ్రాన్సిస్ హాంప్సన్. కీటకశాస్త్రం చదివినవారిలో ఆయన పేరు వినని వారుండరు. బయటివారికి మాత్రం ఆయన అంతగా తెలియడు.

నీలగిరి తేయాకు తోటలో

హాంప్సన్ 1860 జనవరి 10న జన్మించాడు. ఇంగ్లండులోని పేరున్న చార్టర్‌హౌస్ పాఠశాలలో చదివాడు. ఆ తరువాత ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఎక్సెటర్ కళాశాలలో చేరాడు. కులీన కుటుంబానికి చెందినవాడు. ఆ కాలంలో ఆ వర్గపు యువకులు చాలామంది చదువు ముగించుకుని సైన్యంలోనో, వలస దేశాల ఉద్యోగాల్లోనో, తోటల్లోనో జీవితం వెతుక్కునేవారు. హాంప్సన్ తోటల దారి పట్టాడు. మద్రాసు రాజధానిలోని నీలగిరులకు వచ్చి తేయాకు సాగు చేశాడు.

అప్పటి మద్రాసు రాజధానిలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవని మీరు చరిత్ర పాఠంలో చదివే ఉంటారు. అంటే నీలగిరులూ, గుంటూరూ ఒకే ప్రభుత్వం కింద ఉండేవి. నీలగిరులకు ఇప్పుడు మనం ఎక్కే కొండ రైలు అప్పటికి లేదు. అది కూనూరు వరకు వచ్చింది 1899లో, ఊటీ చేరింది 1908లో.

నీలగిరి కొండల ప్రత్యేకత ఒకటి మీరు గుర్తుంచుకోవాలి. పడమటి వాలున నైరుతి ఋతుపవనాల వాన దంచి కొడుతుంది. తూర్పు వాలు దానికంటే పొడిగా ఉంటుంది. కింద వేడి మైదానం, మధ్యలో దట్టమైన అడవి, పైన చల్లని గడ్డి భూములు. కొద్ది మైళ్ల దూరంలో ఇన్ని వాతావరణాలు ఉండటం వల్ల అక్కడ చిమ్మటల రకాలు కూడా అంత ఎక్కువ. ఇలాంటి చోట ఉన్న హాంప్సన్‌కు సీతాకోకచిలుకల మీద, చిమ్మటల మీద ఆసక్తి పెరిగింది. వాటిని సేకరించడం మొదలుపెట్టాడు. తోట పనికి వచ్చిన మనిషి చిమ్మటల మనిషిగా మారిపోయాడు.

ఇంగ్లండుకు తిరిగి వెళ్లాక లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియం ప్రకృతి చరిత్ర విభాగంలో స్వచ్ఛందంగా పనిచేయడానికి చేరాడు. తాను నీలగిరుల్లో చూసిన చిమ్మటలను అక్కడి నమూనాలతో పోల్చి ఒక గ్రంథం రాశాడు. అది 1891లో వెలువడింది. నీలగిరి జిల్లా చిమ్మటల మీద వచ్చిన ఆ గ్రంథం ఆ మ్యూజియం ప్రచురించే బొమ్మల సంపుటాల వరుసలో ఎనిమిదవది. అదే వరుసలో తొమ్మిదవదిగా 1893లో సింహళం, అంటే నేటి శ్రీలంక చిమ్మటల మీద మరొకటి రాశాడు.

అంతకు ముందు ఏమి ఉండేది?

హాంప్సన్ చేసిన పని విలువ తెలియాలంటే ఆయనకు ముందు ఈ రంగం ఎలా ఉండేదో కొంచెం చూడాలి. జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామం పెట్టే పద్ధతిని జంతువుల విషయంలో 1758 నుంచి లెక్కిస్తాం. స్వీడన్‌కు చెందిన లినేయస్ ఆ సంవత్సరం తెచ్చిన గ్రంథమే దానికి మొదలు. ఆ తరువాత నూరేళ్లకు పైగా యూరప్‌లో ఎవరి దగ్గరకు కొత్త పురుగు వస్తే వారు దానికి పేరు పెట్టేవారు. పత్రికలు వేరు, భాషలు వేరు, నగరాలు వేరు. ఒకే చిమ్మటకు ఇద్దరు ముగ్గురు వేరువేరు పేర్లు పెట్టిన సందర్భాలు కోకొల్లలు.

బ్రిటిష్ మ్యూజియం కోసం ఫ్రాన్సిస్ వాకర్ అనే ఆయన 1854 నుంచి 1866 వరకు 35 భాగాల జాబితా తయారుచేశాడు. అందులో కొత్త పేర్లు వేలల్లో ఉన్నాయి. కానీ పని హడావుడిగా సాగింది. ఒకే జాతికి ఆయనే మళ్లీ మళ్లీ కొత్త పేరు పెట్టిన చోట్లు తరువాతి వారికి తలనొప్పిగా మారాయి. ఫ్రెడరిక్ మూర్ అనే మరో పండితుడు లండన్‌లోని ఈస్టిండియా కంపెనీ మ్యూజియంలో పనిచేస్తూ భారతీయ, సింహళ చిమ్మటల మీద పెద్ద పెద్ద గ్రంథాలు రాశాడు. ఆయన గ్రంథాల్లో రంగు బొమ్మలు అందంగా ఉంటాయి. అయితే చిన్న తేడా కనిపిస్తే చాలు, కొత్త జాతి అనే వైపే ఆయన మొగ్గు. కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం ఉద్యోగి కోట్స్, బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం స్థాపకుల్లో ఒకరైన సైనికాధికారి చార్లెస్ స్విన్‌హో కలిసి 1887-89 మధ్య భారతీయ చిమ్మటల పట్టిక ప్రచురించారు. మన జొన్న, మొక్కజొన్న కాండాన్ని తొలిచే పురుగుకు 1885లో శాస్త్రీయ నామం పెట్టింది ఈ స్విన్‌హోనే.

వీటన్నిటిలో ఒక లోపం ఉంది. పట్టికలో పేర్లుంటాయి, బొమ్మల గ్రంథంలో బొమ్మలుంటాయి. కానీ మీ చేతిలో ఉన్న చిమ్మట ఏదో మీరే తేల్చుకునే దారి వాటిలో ఉండదు. టెలిఫోను డైరెక్టరీతో పోల్చి చూడండి. పేరు తెలిసినవాడికి అందులో నంబరు దొరుకుతుంది. ముఖం మాత్రమే తెలిసినవాడికి అది పనికిరాదు.

నాలుగు సంపుటాలు

భారతదేశపు జంతువులన్నిటి గురించి ఒక గ్రంథమాల తేవాలని ఇంగ్లండులోని శాస్త్రజ్ఞులు ప్రభుత్వానికి విన్నపం చేశారు. దాని మీద సంతకం చేసినవారిలో చార్లెస్ డార్విన్ ఒకడు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం అనే ఆ గ్రంథమాలకు డబ్ల్యూ. టి. బ్లాన్‌ఫర్డ్ సంపాదకుడయ్యాడు. చిమ్మటల సంపుటాలు రాసే పని హాంప్సన్‌కు అప్పగించారు.

మొదటి సంపుటం 1892లో, రెండవది 1894లో, మూడవది 1895లో, నాలుగవది 1896లో వెలువడ్డాయి. ఐదేళ్లలోపు నాలుగు లావుపాటి పుస్తకాలు! వాటిలో ఐదు వేలకు పైగా జాతుల వర్ణన ఉంది. నేటి భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, మయన్మార్ దేశాల్లోని చిమ్మటలు వీటి పరిధిలోకి వస్తాయి. దక్షిణాసియాలో ఇప్పుడు ఎల్లలు మారాయి. చిమ్మటలకు ఆ ఎల్లలు లేవు కనుక లాహోరులోనో, ఢాకాలోనో, కొలంబోలోనో పనిచేసే పరిశోధకుడు కూడా మన హైదరాబాదు పరిశోధకుడిలాగే ఈ నాలుగు సంపుటాలనే ముందు తెరుస్తాడు.

పుస్తకంలో రంగు బొమ్మలు లేవు. ఒక్కో ప్రజాతికి సాధారణంగా ఒక నలుపు తెలుపు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మలో రెక్కల ఈనెలు స్పష్టంగా కనిపించేలా గీస్తారు. ప్రతి జాతికీ మగదాని రంగు, ఆడదాని తేడా, దొరికే చోటు, రెక్కలు చాచినప్పటి వెడల్పు మిల్లీమీటర్లలో ఇస్తాడు. గొంగళి పురుగు గురించి తెలిసినచోట అదీ ఇస్తాడు. వాక్యాలు చాలా పొడిగా ఉంటాయి. చదివి ఆనందించే పుస్తకం కాదది. చేతిలో చిమ్మట, పక్కన భూతద్దం ఉన్నవాడికే దాని రుచి తెలుస్తుంది.

ఈ గ్రంథంలో అసలైన బలం గుర్తింపు పట్టికలు. అవి ఎలా పనిచేస్తాయో ఇక్కడ కొంచెం నిదానంగా చూద్దాం.

గుర్తింపు పట్టికను వాడటం

మన ఊళ్లలో పిల్లలు ఆడే ఒక ఆట ఉంది. ఒకరు మనసులో ఒక వస్తువు తలచుకుంటారు. ఎదుటివారు ప్రశ్నలు వేస్తారు. ప్రాణం ఉందా లేదా? ఇంట్లో ఉంటుందా బయట ఉంటుందా? ప్రతి జవాబుతో సగం వస్తువులు తొలగిపోతాయి. గుర్తింపు పట్టిక సరిగ్గా ఇదే. అందులో ఒక్కో మెట్టు దగ్గర ఎదురెదురు లక్షణాలు ఇస్తారు. మీ చిమ్మటకు ఏది ఉందో చూసి, అది చూపిన మెట్టుకు వెళతారు. అలా మొదట కుటుంబం, తరువాత ప్రజాతి, చివరకు జాతి దొరుకుతాయి.

ప్రశ్నలు రంగు మీద వేస్తే సులువుగా ఉంటుందని మీకు అనిపించవచ్చు. కానీ రంగు మోసం చేస్తుంది. రెక్కల మీది పొడి రాలిపోతే రంగూ పోతుంది. ఒకే జాతిలో వానాకాలం పుట్టినది ఒక రంగు, ఎండాకాలం పుట్టినది ఒక రంగు కావచ్చు. అందుకే హాంప్సన్ పెద్ద విభజనలకు రెక్కల ఈనెల మీద ఆధారపడ్డాడు. ఆకుకు ఈనెలు ఉన్నట్టే చిమ్మట రెక్కకూ ఈనెలు ఉంటాయి. రెక్క చిరగకుండా నిలబెట్టేవి అవే. వాటికి ఆయన అంకెలు వేసి పిలిచాడు. చాలా కుటుంబాల్లో ముందు రెక్కలో ఈ అంకెలు 12 వరకు, వెనుక రెక్కలో 8 వరకు వెళతాయి.

ఉదాహరణకు కుటుంబాల పట్టికలో ఒక ముఖ్యమైన ప్రశ్న వెనుక రెక్కలోని 1సి అనే ఈనె గురించి. అది ఉందా, లేదా? వంకాయను తొలిచే పురుగు, వరి కాండాన్ని తొలిచే పురుగు పెరిగి అయ్యే చిమ్మటల్లో ఆ ఈనె ఉంటుంది. హాంప్సన్ వాటిని పైరాలిడే కుటుంబంలో, నాలుగవ సంపుటంలో పెట్టాడు. పొగాకు లద్దె పురుగు చిమ్మటలో ఆ ఈనె ఉండదు. అది నాక్టుయిడే కుటుంబంలోకి వెళుతుంది. చూడండి, ఒక్క సన్నని గీత రెండు పెద్ద గుంపులను విడదీసింది.

పొలుసులు కప్పి ఉండటం వల్ల ఈనెలు సులువుగా కనిపించవు. చచ్చిన చిమ్మట రెక్క మీద ఒక చుక్క స్పిరిటు వేస్తే కొద్ది క్షణాలు రెక్క పారదర్శకంగా మారి ఈనెలు బయటపడతాయి. స్పిరిటు ఆరిపోగానే మళ్లీ మామూలుగా అవుతుంది. ఈ పని దీపానికి, పొయ్యికి దూరంగా చేయాలని వేరే చెప్పనక్కరలేదు.

మరో లక్షణం రెక్కల కొక్కెం. చాలా చిమ్మటలలో వెనుక రెక్క మొదట్లో ఒక ముల్లు లాంటి వెంట్రుక ఉండి ముందు రెక్క అడుగున ఉన్న కొక్కేనికి తగులుకుంటుంది. దీనివల్ల రెండు రెక్కలూ కలిసి కదులుతాయి. మగ చిమ్మటలో ఆ ముల్లు సాధారణంగా ఒక్కటే ఉంటుంది. ఆడదానిలో రెండు మూడు ఉంటాయి. కనుక భూతద్దం ఉంటే ఆడా మగా కూడా చెప్పవచ్చు. సీతాకోకచిలుకల్లో ఈ ఏర్పాటు దాదాపుగా కనిపించదు. వాటి మీసాలు చివర గుండుసూది తలలా లావుగా ఉంటాయి. చిమ్మటల మీసాలు సాధారణంగా దారంలాగో, దువ్వెనలాగో, ఈకలాగో ఉంటాయి.

చేసి చూడండి. చీకటి పడ్డాక ఒక తెల్ల దుప్పటిని గోడకు కట్టి, దాని ముందు బల్బు వెలిగించండి. వచ్చిన చిమ్మటల్లో మీసాలు దారంలా ఉన్నవి ఎన్ని, ఈకలా ఉన్నవి ఎన్ని లెక్కించండి. అవి రెక్కలు పరిచి కూర్చుంటున్నాయా, ఇంటి కప్పులా వాల్చి కూర్చుంటున్నాయా రాసుకోండి. వాటిని చంపనక్కరలేదు. మీరు అప్పుడే గుర్తింపు పట్టికలోని మొదటి మెట్లు ఎక్కినట్టు లెక్క.

ఉద్యోగం, పూర్తికాని సూచీ

1893లో హాంప్సన్ వివాహం జరిగింది. 1895 మార్చిలో మ్యూజియంలో సహాయకుడిగా ఉద్యోగం వచ్చింది. జంతుశాస్త్ర విభాగానికి అప్పటి అధిపతి ఆల్బర్ట్ గుంథర్ ఆయన పని చూసి ఆ ఉద్యోగం ఇచ్చాడు. 1896లో వంశపారంపర్యంగా వచ్చే బారొనెట్ బిరుదు దక్కి సర్ జార్జి హాంప్సన్ అయ్యాడు. తన కుటుంబంలో ఆ బిరుదు పొందినవారిలో ఆయన పదవవాడు. బిరుదు వచ్చినా చిమ్మటల పెట్టెలను వదలలేదు. 1901లో తాత్కాలిక ఉప సంరక్షకుడి హోదా పొందాడు.

భారతదేశపు సంపుటాలు ముగిసీ ముగియకముందే వాటిలో చేర్చవలసినవి, దిద్దవలసినవి బయటపడటం మొదలైంది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం పత్రికలో అనుబంధ వ్యాసాలు వరుసగా రాస్తూ వచ్చాడు. ఒక గ్రంథం అచ్చయితే పని అయిపోయిందనుకునే రచయితలకు ఈ అలవాటు ఆదర్శం కావాలి.

ఆ తరువాత అంతకంటే పెద్ద పని తలకెత్తుకున్నాడు. ఒక దేశం చిమ్మటలు చాలవు, ప్రపంచంలోని చిమ్మటలన్నిటినీ ఇదే పద్ధతిలో రాయాలి. ఆ సూచీ మొదటి సంపుటం 1898లో వచ్చింది. 1913 నాటికి 13 సంపుటాలు వచ్చాయి. 1914లో ఒకటి, 1920లో మరొకటి అనుబంధ సంపుటాలు వచ్చాయి. మొత్తం 15. ఇరవై రెండేళ్ల శ్రమ అది. అయినా ఎంత పూర్తయింది? నాలుగు కుటుంబాల వరకే సాగింది. వాటిలో పెద్దదైన నాక్టుయిడే కూడా చివరివరకు రాలేదు. 1920లో ఆయన ఉద్యోగ విరమణ చేశాడు. ఆ సూచీ అక్కడే ఆగిపోయింది. ఒక మనిషి ఆయుర్దాయానికి మించిన పని అని ఇప్పుడు మనకు తేలికగా తెలుస్తుంది. కానీ ఆగిన చోట ఆగినా, వచ్చినంత మేరకు దాన్ని కాదని ముందుకు పోగలిగినవారు లేరు. ఆఫ్రికాలో మొక్కజొన్నను తొలిచే ఒక గులాబి రంగు పురుగుకు 1910లో ఆయన పెట్టిన పేరే ఇప్పటికీ నిలిచింది. శాస్త్రీయ నామం తరువాత దాన్ని పెట్టినవారి పేరు రాస్తారు. చిమ్మటల జాబితాల్లో అలా హాంప్సన్ పేరు మీకు అడుగడుగునా కనిపిస్తుంది.

ఆయన 1936 అక్టోబరు 15న మరణించాడు.

ఆ పుస్తకంలో లేనివి

హాంప్సన్ గ్రంథాన్ని వాడేవారు దాని హద్దులు కూడా తెలుసుకోవాలి. నాలుగు సంపుటాలు పైరాలిడేతో ముగుస్తాయి. మరీ చిన్న చిమ్మటల కుటుంబాలు వాటిలో లేవు. ఆ కారణంగా మన పత్తి రైతుకు బాగా తెలిసిన గులాబి రంగు కాయతొలుచు పురుగు కోసం ఆ పుస్తకం తిరగేస్తే దొరకదు. క్యాబేజీ మీది డైమండ్ పురుగు దొరకదు. ఉన్ని బట్టలు కొరికే చిమ్మట కూడా దొరకదు. చిన్న చిమ్మటల పని ఇంగ్లండులోనే ఎడ్వర్డ్ మేరిక్ అనే బడిపంతులు చేశాడు. ఆయన కథ వేరే పాఠానికి సరిపోతుంది.

రెండవ లోపం ఆ కాలానిది. చిమ్మటల పొట్ట చివర ఉండే జననాంగాల నిర్మాణం జాతి జాతికీ వేరుగా ఉంటుంది. బయటికి ఒకేలా కనిపించే రెండు జాతులను దాన్ని బట్టి విడదీయవచ్చు. హాంప్సన్ ఈ పద్ధతిని వాడలేదు. మన పొగాకు లద్దె పురుగును, ఆఫ్రికా, మధ్యధరా ప్రాంతాల్లో పత్తిని తినే దాని జోడీ పురుగును చాలాకాలం ఒకటే జాతిగా చూశారు. 1960లలో గానీ అవి రెండు వేరు జాతులని స్థిరపడలేదు. అందుకే పాత వ్యవసాయ పుస్తకాల్లో ఒక పేరు, కొత్తవాటిలో మరో పేరు చూసి మీరు తికమక పడనవసరం లేదు. మన రైతులు హీలియోథిస్ అని పిలుచుకునే శనగపచ్చ పురుగు ఇప్పుడు శాస్త్ర గ్రంథాల్లో హెలికోవెర్పా అయింది. ఆముదం దాసరి పురుగును నాక్టుయిడే నుంచి తీసి ఎరిబిడే అనే కుటుంబంలో చేర్చారు. వరి, వంకాయ పురుగులు పైరాలిడే నుంచి విడిపోయి క్రాంబిడేలోకి వెళ్లాయి. చిరునామా మారినా మనిషి మారనట్టే, పురుగు అదే.

మూడవ విషయం కొంచెం బాధ కలిగించేది. ఒక జాతికి మొదట పేరు పెట్టినప్పుడు ఏ నమూనాను చూసి పెట్టారో దాన్ని మూల నమూనా అంటారు. అనుమానం వస్తే చివరి తీర్పు దానిదే. మన కొండల్లో, మన అడవుల్లో పట్టిన చిమ్మటల మూల నమూనాలు ఎక్కువ భాగం లండన్‌కు చేరాయి. వాటిని పట్టిన కూలీలు, వేటగాళ్ల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కలేదు. వలస పాలనలో జ్ఞానం ఎటు ప్రవహించిందో చెప్పడానికి ఇంతకంటే వేరే ఉదాహరణ అక్కరలేదు. భారతీయ పరిశోధకుడు తన దేశపు పురుగును సరిచూసుకోవడానికి సముద్రం దాటవలసి వచ్చింది. ఇది హాంప్సన్ ఒక్కడి తప్పు కాదు గానీ, ఆయన గొప్పతనం చెప్పేటప్పుడు దీన్ని దాచిపెట్టడం కూడా సరికాదు.

తరువాతి పుస్తకాలు, నేటి దారులు

1905లో బీహారులోని పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడింది. అక్కడ పనిచేసిన మాక్స్‌వెల్ లెఫ్రాయ్ 1909లో భారతీయ కీటకాల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. మద్రాసు ప్రభుత్వ కీటక శాస్త్రజ్ఞుడు బైన్‌బ్రిగ్ ఫ్లెచర్ 1914లో దక్షిణ భారత కీటకాల పుస్తకం రాశాడు. 1940లో టి. వి. రామకృష్ణ అయ్యర్ దక్షిణ భారత వ్యవసాయ కీటకాల మీద కరదీపిక వెలువరించాడు. మన జిల్లాల పంటలకు ఇవి దగ్గరి పుస్తకాలు. చిమ్మటల పేర్ల విషయంలో వీరందరికీ ఆధారం హాంప్సన్ సంపుటాలే. 1937లో అదే గ్రంథమాలలో చిమ్మటల ఐదవ సంపుటం వచ్చింది. కార్వారు అడవుల్లో గొంగళి పురుగులను పెంచి చూసిన అటవీ అధికారి టి. ఆర్. బెల్, ఎఫ్. బి. స్కాట్ కలిసి దాన్ని రాశారు. అది డేగ చిమ్మటల కుటుంబానికి సంబంధించినది.

ఒకప్పుడు ఈ సంపుటాలను చూడాలంటే కలకత్తా, పూనా, మద్రాసు వంటి చోట్ల పెద్ద గ్రంథాలయాల అనుమతి కావలసి వచ్చేది. ఇప్పుడు పరిస్థితి మారింది. కాపీ హక్కు గడువు తీరిన పుస్తకాలు కనుక హాంప్సన్ నాలుగు సంపుటాలూ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ, బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలోనూ డబ్బు లేకుండా చదువుకోవచ్చు. ఫోటోలతో పోల్చుకోవాలంటే మాత్స్ ఆఫ్ ఇండియా, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్, ఐనేచురలిస్ట్ ఉన్నాయి. మీరు తీసిన ఫోటో పెడితే తెలిసినవారు పేరు సూచిస్తారు.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఫోటో చూసి చెప్పిన పేరు సూచన మాత్రమే. ఒకేలా ఉండే జాతులు ఫోటోలో తేలవు. పేరు సూచించిన తరువాత హాంప్సన్ వర్ణన తెరిచి రెక్కల వెడల్పు, దొరికే ప్రాంతం, ఆడ మగ తేడా మీ చిమ్మటకు సరిపోతున్నాయా చూసుకోండి. పేరు మారి ఉంటే పాత పేరు ఏమిటో ముందు తెలుసుకుని ఆ పేరుతో పుస్తకంలో వెతకండి. ఫోటో తీసేటప్పుడు పక్కన ఒక స్కేలు పెట్టండి. తేదీ, ఊరు, ఏ పంట మీద ఉందో రాసుకోండి. గొంగళి పురుగును కూడా ఫోటో తీయండి, వీలైతే అదే ఆకు వేసి చిమ్మట అయ్యేదాకా పెంచండి.

ఈ శ్రమ ఎప్పుడు అక్కరకు వస్తుందో 2018లో చూశాం. ఆ ఏడాది మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ దగ్గర మొక్కజొన్నను ఒక లద్దె పురుగు తినేస్తోంది. చూడటానికి మన పొగాకు లద్దె పురుగు చుట్టంలాగే ఉంది. కానీ తల మీద తిరగేసిన ఇంగ్లీషు వై అక్షరం, తోక వైపు చతురస్రంగా నాలుగు నల్ల చుక్కలు ఉన్నాయి. లక్షణాలను పోల్చి, జన్యు పరీక్ష కూడా చేసి, అది అమెరికా ఖండపు పురుగని తేల్చారు. హాంప్సన్ భారతీయ సంపుటాల్లో అది ఉండే అవకాశమే లేదు. అప్పటికి అది ఈ నేల మీద అడుగుపెట్టలేదు. కొద్ది నెలల్లోనే అది తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలకు చేరింది. మన రైతులు దానికి కత్తెర పురుగు అని పేరు పెట్టుకున్నారు. మీ చేలో మొక్కజొన్న సుడిలో రంపపు పొట్టు లాంటి రెట్ట కనిపిస్తే ఆకులు విప్పి పురుగు తల చూడండి. ఆ గుర్తులు ఉంటే ఒక సీసాలో రెండు పురుగులు వేసుకుని మీ మండల వ్యవసాయ అధికారికి గానీ, దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ చూపించండి.